ఒక్క మేకుకు రెండు చీటీలు

పోయిన వారం నన్ను బడి పెరట్లో, మంచులో, చేతిలో గంజి బకెట్టుతో వదిలేసి వెళ్ళారు మీరు. అక్కడే ఉన్నాను. మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను.

నా పేరు సైమి. ఫిన్లాండులోని కరేలియాలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే పంతులమ్మని. మా ఊళ్ళ మీద బాంబులు పడుతుంటే నూట ముప్ఫై మంది పిల్లల్ని రైలెక్కించి, వాళ్ళకి తోడుగా నలుగురు ఆడవాళ్ళని పంపారు. సరిహద్దు నది దాటి స్వీడన్‌లోకి వచ్చి ఇవాళ్టికి ఎనిమిదో రోజు. ఈ ఊరి బడినే శిబిరంగా మార్చారు. అరవై మందికి పరిచిన గడ్డి పరుపుల మీద నూట ముప్ఫై మందిని సర్దారు. కొత్తగా వచ్చిన పిల్లల్ని రెండు వారాలు ఇక్కడే ఉంచి, ఏ జబ్బూ లేదని తేలాకే ఇళ్ళకు పంపాలని నియమం. వెనకాల ఇంకో రైలు వస్తోందని కబురొచ్చేసరికి ఆ రెండు వారాలు నాలుగు రోజులైపోయాయి. అంత పెద్ద దేశంలో మా పిల్లలకి కాళ్ళు చాపుకునే చోటు దొరకలేదు.

పొద్దున పదకొండింటికి గంజి బకెట్టు మోసుకుంటూ పెరడు దాటుతుంటే అర్మీ పరిగెత్తుకొచ్చి నా ఏప్రన్ పట్టుకుంది. అర్మీకి తొమ్మిదేళ్ళు. దాని చెల్లెలు ఓయిలీకి నాలుగు. గొంతుకి పొర కట్టి ఊపిరాడనివ్వని ఆ పాడు డిఫ్తీరియా ఓయిలీకి ఉందని నాలుగో రోజున పరీక్షలో తేలింది. వెంటనే తీసుకెళ్ళి పెరటి అవతలి వడ్రంగి గదిలో, జబ్బు పిల్లల విడిగదిలో పెట్టారు. పెద్దపిల్లల్నీ చిన్నవాళ్ళనీ మొదటి రోజే వేరు గదుల్లో పెట్టడంతో అర్మీ అంతకుముందు కూడా చెల్లి దగ్గర లేదు. రోజూ ఆ కిటికీ ముందు నిలబడి చెయ్యి ఊపి వస్తోంది. ఇవాళ మాత్రం వచ్చి ఒకే మాట అంది. "పిన్నీ, లోపలున్నది మా చెల్లి కాదు."

అక్కడ ఆపాను. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్లని కసిరాను.

తలలు గొరిగితే అందరూ ఒకేలా ఉంటారే, నీ తల మాత్రం ఏమన్నా తక్కువ తిన్నదా, పో, పోయి గంజి తాగు అన్నాను. నిజంగానే మా పిల్లలందరూ ఒలిచిన బంగాళాదుంపల్లా ఉన్నారు. పేలు అని చెప్పి వచ్చిన రోజే అందరికీ గుండు కొట్టించారు. బట్టలు తీసుకుని పొయ్యిలో కాల్చేసి, ఆడా మగా తేడా లేకుండా బూడిద రంగు చొక్కాలు తొడిగారు. అయినా నేను కసిరింది అందుకు కాదు. ఆ మాట వినగానే అది నిజమేమోనని భయమేసింది, అందుకు.

అర్మీ కదల్లేదు. ఏడవలేదు కూడా. ఇన్ని రోజులూ కిటికీ అద్దం మీద మంచు పేరుకుని లోపలివాళ్ళ గుండ్లు మాత్రమే కనబడేవట. ఇవాళ ఎండకి మంచు కరిగింది. ఓయిలీ నంబరు నూట పదిహేడు. ఆ నంబరు చీటీ మెడలో వేసుకున్న పిల్ల కిటికీ దగ్గరకే వచ్చిందట.

"మా ఓయిలీ నన్ను చూస్తే నాలుక బయటపెట్టి వెక్కిరిస్తుంది పిన్నీ. అమ్మ కొట్టినా మానలేదు. ఇది నన్ను చూసి భయపడి వెనక్కి పోయింది."

బకెట్టు మంచులో పెట్టేశాను. ఎక్కడ ఏం జరిగిందో ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

చీటీల సంగతి చెప్పాలి. ప్రతి పిల్ల మెడలోనూ దారానికి కట్టిన అట్టముక్క ఉంటుంది. దాని మీద నంబరు, పేరు, ఊరు. వచ్చిన రోజే గొంతులోంచి తీసిన నమూనా వెళ్ళింది ఆ నంబరు మీదే, ఏ ఇంటికి పంపాలో రాసేది ఆ నంబరు మీదే. మా పిల్లలకి స్వీడన్ భాష రాదు, వీళ్ళకి మా భాష రాదు. బడిలో నేర్చుకున్న స్వీడన్ భాష నాకు మాత్రం వచ్చు. నాలుగేళ్ళ దాన్ని నీ పేరేమిటమ్మా అని నేనే అడిగినా, సగం మంది "బంగారం" అంటారు. వాళ్ళమ్మ అలాగే పిలిచింది, వాళ్ళకి తెలిసింది అదే. అందుకని స్నానాల గది తలుపు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి అంటించారు, స్నానంలో కూడా చీటీ మెడలోంచి తీయకూడదని. వీళ్ళ స్నానమంటే తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసుకోవడం. మెడ తడవకుండా కూడా చేసెయ్యచ్చు.

మాకు అది స్నానం కాదు. రెండో రోజు పిల్లలు తొట్టి చూసి బిక్కమొహాలేసుకుంటే నేనే పోరి, పెరట్లో ఉన్న పాత సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, వెలిగించాను. రాళ్ళు ఎర్రగా కాగాయి, నీళ్ళు చల్లితే ఆవిరి లేచింది, ఇల్లు వదిలాక మొదటిసారి పిల్లలు నవ్వారు. సౌనాలోకి మెడలో దారంతో ఎవరైనా వెళతారా? పుట్టినప్పుడు ఎలా ఉన్నామో అలాగే వెళతాం. పైగా అట్టముక్క, ఆవిరికి నాని ముద్దయిపోతుంది. ఎర్ర సిరా నోటీసు నేను చదివాను. చదివి, వీళ్ళకేం తెలుసులే అనుకున్నాను.

ఇరవై మందిని పంపాల్సింది, టైము లేదని ఒకేసారి నలభై మందిని తోలారు. బయట గదిలో గోడకి ఉన్న మేకులు ఇరవై. ఒక్కో మేకుకు రెండేసి చీటీలు తగిలించాను. ఎవరి చీటీ ఎక్కడుందో గుర్తుంటుందనుకున్నాను, ఇరవై ఏళ్ళు బడిలో పేర్లు పిలిచినదాన్ని కదా. స్నానమయ్యాక బోడిగుండ్లతో, ఎర్రటి మొహాలతో నలభై మంది బయటికొచ్చారు. వెనకనుంచి స్వీడన్ నర్సు త్వరగా త్వరగా అంటోంది. నూట పదహారు, నూట పదిహేడు ఒకే మేకుకి ఉన్నాయి. చీటీలు రెండూ నా చేతిలో ఉండటం, ముందు నిలబడ్డ ఇద్దరు చిన్నవాళ్ళు ఒకేలా వణుకుతుండటం నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంది. ఏది ఎవరి మెడలో వేశానో మాత్రం గుర్తు లేదు.

విడిగది తలుపు దగ్గరికి వెళ్ళాను. లోపలికి రానివ్వరు. కాపలా ఉన్న అమ్మాయిని బతిమాలి తలుపు బెత్తెడు తెరిపించి, గుమ్మం బయటే కూర్చున్నాను. ఆరు మంచాలు, తొమ్మిది మంది పిల్లలు. నూట పదిహేడో పిల్ల ఇంకో పిల్లతో కలిసి ఒకే దుప్పట్లో ఉంది. రా తల్లీ అంటే లేచి కొంచెం దూరంలో నిలబడింది.

ఓయిలీ వాళ్ళది అడవి మధ్య ఊరు. ఆవులేని ఇల్లు ఉండదక్కడ. మీ ఆవు పేరేమిటని అడిగాను.

"ఆవు లేదు," అంది.

"మరి మీ ఇంటి దగ్గర ఏమున్నాయి?"

"ఓడలు."

కాపలా అమ్మాయికి మా భాష రాదు. నా మొహం చూసి నీళ్ళు తేనా అని సైగ చేసింది. ఆ మేకు మీది రెండో చీటీ గుర్తొచ్చింది: నూట పదహారో నంబరు, రౌహా, కోత్కా రేవు. పరీక్షలో ఆ పిల్ల గొంతు శుభ్రంగా ఉందని వచ్చింది, నాలుగు రోజులుగా దాన్ని జబ్బు పిల్లల మధ్య, జబ్బు పిల్లల దుప్పట్లోనే పడుకోబెడుతున్నాం. మరి నిజంగా జబ్బున్న ఓయిలీ? నూట పదహారో నంబరుతో, ఆరోగ్యంగా ఉందన్న కాగితంతో, మూడు రోజుల కిందట ఎడిన్ అనే రైతు ఇంటికి వెళ్ళిపోయింది. బండి ఎక్కించింది నేనే. గొంతు బొంగురుగా ఉంటే చలిగాలికి అనుకుని నా శాలువా చుట్టి పంపాను.

ఎవరికీ చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. చెబితే రేపటి రైల్లో నన్ను వెనక్కి పంపేస్తారు. సౌనా మూసేస్తారు. ఫిన్లాండు వాళ్ళకి పిల్లల్ని కూడా చూసుకోవడం రాదంటారు. పెరడు దాటడానికి ఎంతసేపు పడుతుంది, ఆ కాసేపూ ఇవన్నీ అనుకున్నాను. అర్మీ నా వెనకాలే నడుస్తోంది. మరి మా చెల్లి ఎక్కడ పిన్నీ అని అడిగింది. ఒక మంచి ఇంట్లో ఉంది, వెన్న తింటూ పాలు తాగుతోంది, నువ్వు లోపలికి పో అన్నాను. అది నన్ను నమ్మింది. ఆఫీసు గది వైపు త్వరగా నడిచాను.

ఆఫీసు గదిలో సిస్టర్ గున్‌బోర్గ్ పరుపుల లెక్క చూసుకుంటోంది. శిబిరం మొత్తం ఆవిడ చేతి మీదే నడుస్తుంది. అరవై దగ్గర పడిన మనిషి, రాత్రుళ్ళు కుర్చీలోనే కునుకు తీస్తుంది. డాక్టర్ హెడ్‌లుండ్ కిటికీ దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. రెండింటికి రైలు. నూట నలభై మంది వస్తున్నారు, ఎక్కడ పడుకోబెట్టాలో ఇద్దరికీ తెలియదు. చర్చి వాళ్ళు బల్లల మధ్య చోటిస్తామన్నారట.

నేను చెప్పడం మొదలుపెట్టాను. కానీ పిరికిదాన్ని, అసలు మాట వదిలేసి పక్కమాట చెప్పాను. అర్మీ చెల్లెల్ని గుర్తుపట్టలేదట, లోపలి పిల్ల ఓడలంటోంది, ఒకసారి చూడండి అన్నాను.

సిస్టర్ తలెత్తలేదు. పిల్లలకి ఇంటి మీద బెంగ ఉంటుందని, గుండు చేశాక కన్నతల్లే గుర్తుపట్టదని, తొమ్మిదేళ్ళ పిల్ల మాట పట్టుకుని చీటీని కాదనలేమని చెప్పింది. చీటీ ఏమంటే అదేనంది. ఆవిడ తప్పేం లేదు, నేను ఆ కుర్చీలో ఉన్నా అదే అనేదాన్ని.

డాక్టరు మాత్రం ఒక బూటు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని నావైపే చూస్తున్నాడు.

"సైమి గారూ, ఆ చీటీలు ఎప్పుడైనా మెడలోంచి తీశారా?"

 సిస్టర్ కలం ఆగింది.

"తీశాను," అన్నాను. "సౌనాలో. నలభై మందివీ తీశాను. మేకులు చాలక రెండేసి తగిలించాను."

ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. నోటీసు చదివే తీశానని, ఆ ఇద్దరి చీటీలూ ఒకే మేకు మీద ఉన్నాయని, ఎవరిది ఎవరికి వేశానో గుర్తులేదని, ఓయిలీని నా చేతులతోనే బండెక్కించానని అంతా చెప్పేశాను.

సిస్టర్ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి నా దగ్గరికొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు మనుషులు ఇంత మెల్లగా మాట్లాడగలరని నాకు తెలియదు.

"నేను మంచాలు అడిగితే ఇవ్వలేదు సైమీ. ఇంకో బడి అడిగితే ఇవ్వలేదు. పద్నాలుగు రోజులు అడిగితే నాలుగిచ్చారు. ఇంతమంది పిల్లల్ని కాపాడ్డానికి నా చేతిలో ఉన్నది ఆ అట్టముక్క ఒక్కటే. దాన్ని కూడా తీసి గోడకి తగిలించావా నువ్వు?"

నాకూ ఒళ్ళు మండింది. భయంలో మనిషికి కోపం ఎక్కడినుంచి వస్తుందో గానీ వస్తుంది. నలభై మందిని ఒక్కసారి తోలింది ఎవరు, ఇరవై మేకులున్నాయని నేను ఆ రోజే చెప్పలేదా అన్నాను. చెప్పావా, ఎప్పుడు చెప్పావు అంది. చెప్పాను, మీరు వినలేదు అన్నాను. నిజానికి చెప్పానో లేదో నాకే తెలియదు.

డాక్టరు బూటు నేలకేసి కొట్టాడు. ఎవరి తప్పో రైలొచ్చాక తేల్చుకోండి, ఇప్పుడు ముందు ఆ పిల్ల సంగతి చూడండి అన్నాడు. కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. ఓయిలీకి పడాల్సిన విరుగుడు సీరం సూది నాలుగు రోజుల కిందటే రౌహాకి పడింది. పొరపాటున పడినా అది దాన్ని కొన్నాళ్ళు కాపాడొచ్చు. దాన్ని ఇప్పుడే అక్కడినుంచి తీసి, ఆఫీసు గదిలో ఒంటరిగా పడుకోబెట్టమన్నాడు. ఓయిలీకి ఏ సూదీ పడలేదు. ఆ మాట కాగితం మీద రాసి కింద గీత గీశాడు.

మొదటి రెండు రోజుల్లో ఇస్తే పిల్లలు లేచి ఆడుకుంటారట. రోజు గడిచేకొద్దీ మందు పనితనం తగ్గుతుందట. నమూనా తీసి వారమైందని వేళ్ళు మడిచి చూసుకున్నాడు. పిల్ల శరీరం ఎంతకాలం ఓర్చుకుందో చూడకుండా చెప్పలేనన్నాడు. ఆయన రైలు వదిలి కదలడానికి లేదు. ఉన్న ఒక్క కారునూ స్టేషన్లో జబ్బు పిల్లల కోసం ఉంచాలి. చివరికి సిస్టరే తలుపు తీసి, పాల డెయిరీ వాడి లారీ ఉంది, కట్టెల గ్యాసుతో నడిచేది, పన్నెండున్నరకి ఆ దారినే వెళుతుంది, ఈవిడ వెళుతుంది అంది. నావైపు చూడలేదు. నేనే వెళ్ళాలని ఆవిడే అంది, అది చాలు నాకు. నలభై కిలోమీటర్లు, మంచు దారి, మూడు గంటలు.

వెళ్ళేలోపు పిల్లని పడుకోబెట్టి ఉంచమని, కూర్చోబెట్టొద్దని, నడిపించొద్దని చెప్పాలి. ఈ జబ్బులో పిల్ల లేచి నడిస్తే గుండె ఆగిపోవచ్చన్నాడు డాక్టరు. ఎడిన్ వాళ్ళింట్లో ఫోను లేదు. పక్కనే ఉన్న కిరాణా కొట్టులో ఉంది. సీసాలు, సూది దూదిలో చుట్టి సంచిలో పెడుతూ, ఎలా వెయ్యాలో చెబుతూ, ఫోను నన్ను చెయ్యమన్నాడు.

ఎక్స్ఛేంజి అమ్మాయి లైను కలపడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాలూ నేను గోడ గడియారం ముల్లు చూస్తూ నిలబడ్డాను. కొట్టావిడ గొంతు దూరంగా, హుషారుగా వినబడింది. ఆహా, ఫిన్లాండు పిల్ల గురించా, ఎడిన్ వాళ్ళావిడ ఎంత మురిసిపోతోందో అని మొదలుపెట్టింది. చుట్టుపక్కల అందరూ వచ్చి చూసి వెళ్ళారట, బొమ్మలా ఉందట. ఇంట్లో అదనపు మంచం లేదు కదా, వాళ్ళ ముగ్గురు పిల్లలతో కలిపి ఒకే మంచం మీద పడుకోబెట్టారట. నలుగురూ ఒకే దుప్పట్లో ముద్దుగా ఉన్నారట.

నేను డాక్టరు వైపు తిరిగి నాలుగు వేళ్ళు చూపించాను. ఆయన సంచిలోకి చూశాడు. మూడు సీసాలున్నాయి. మిగతావి రైలు కోసం దాచారు. సిస్టర్ అలమర తెరిచి ఇంకో సీసా తీసి సంచిలో పెట్టింది.

నేను జబ్బు పేరు చెప్పాను. ఫోనులో హుషారు ఆగిపోయింది. ఉండమ్మా, ఎవరో వచ్చారు, అరె ఎడినే వచ్చాడు, ఉండు అంది. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది. బరువైన బూట్ల చప్పుడు, మగమనిషి గొంతు, కొట్టావిడ గొంతు, మళ్ళీ మగమనిషి గొంతు. అంత దూరం నుంచి ఒక్క మాట కూడా సరిగ్గా వినబడలేదు. సిస్టర్ నా పక్కన వచ్చి నిలబడింది. ఫోనుకి నా చెవితోపాటు తన చెవి కూడా ఆనించింది.

ఈసారి ఎడినే మాట్లాడాడు. నెమ్మదైన మనిషి. డాక్టరు కోసమే ఫోను చేద్దామని వచ్చానన్నాడు. వాళ్ళ చిన్నవాడు నిన్న సాయంత్రం నుంచి గొంతు నొప్పని ఏడుస్తున్నాడట, ఒళ్ళు కాలిపోతోందట. రాత్రంతా ఎత్తుకుని తిప్పామన్నాడు. డాక్టరు గారు రాగలరా అని అడిగాడు.

"మా పిల్ల?" అన్నాను. "ఓయిలీ ఎలా ఉంది?"

ఆయనకి ఆ పేరు తెలియదు. నూట పదహారు చీటీ మీద ఉన్న పేరు రౌహా. ఫిన్లాండు పిల్లండీ అన్నాను.

"అదా," అన్నాడు. గొంతులో కొంచెం సంతోషం కూడా వినబడింది నాకు. "దాంతో మాకు ఏ ఇబ్బందీ లేదమ్మా. చాలా మంచి పిల్ల. నిన్నటిదాకా కాస్త దగ్గింది, ఇవాళ అదీ లేదు. పొద్దున గంజి తెస్తే కూడా లేవలేదు. అలాగే పడుకుని ఉంది, అసలు చప్పుడే చెయ్యడం లేదు."